మినుము చేలో అమ్మ పుస్తెలతాడు పడిపోయింది. మెటల్ డిటెక్టర్ వాడినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?

మాగాణి_అబ్బాయి | మార్చి 3, రాత్రి 9:50

అందరికీ నమస్కారం. ఉద్యోగం హైదరాబాదులో, ఊరు తెనాలి పక్కన. మొన్న ఆదివారం మా చేలో మినుము పీకుడు. కూలీలు పధ్నాలుగు మంది. వాళ్ళతోపాటు అమ్మ కూడా పొద్దున ఆరింటికే దిగింది. సాయంత్రం ఇంటికొచ్చి స్నానానికి వెళ్తూ చూసుకుంటే మెడలో తాడు లేదు. మూడు కాసుల నానుతాడు, రెండు పుస్తెలు, నల్లపూసలు, రెండు పగడాలు. కొక్కెం అరిగిందని సంక్రాంతి నుంచీ అంటూనే ఉంది. మార్పిద్దాంలే అని నాన్చింది నేనే.

రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. దారానికి పసుపు కొమ్ము కట్టుకుని, పైట మెడ నిండా కప్పుకుని తిరిగింది. నాన్న గమనించి అడిగితే అప్పుడు ఏడ్చేసింది. బాబాయి అప్పుడే కూలీల పేర్లు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. తాడు పోయినదానికంటే అమ్మకి ఆ మాటే ఎక్కువ బాధగా ఉంది.

చేను ముప్పై అయిదు సెంట్లు. నేల నిండా బీటలు. కళ్ళతో వెతికి వెతికి విసిగాం. డిటెక్టర్‌తో దొరుకుతుందా? కొనాలా, అద్దెకిస్తారా?

గాలివాన | మార్చి 3, రాత్రి 10:05

మా అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో అంజనం వేసే ఆయన ఉన్నాడు. తూర్పు దిక్కున నీళ్ళ దగ్గర ఉందంటాడు. ఏం పోయినా అక్కడే ఉంటుంది. ఓసారి గేదె తప్పిపోయినా అదే చెప్పాడు. సరదాకి అన్నాను, ఏమీ అనుకోవద్దు తమ్ముడూ.

సందేహాలరావు | మార్చి 3, రాత్రి 10:20

అంజనం కంటే ప్రమాదం ఇంకోటుంది. రెండు ఇత్తడి ఊచలున్న పెట్టె చూపించి, కిలోమీటరు దూరంలో బంగారం ఉన్నా ఊచలు అటు తిరుగుతాయని అమ్ముతారు. లాంగ్ రేంజ్ లొకేటర్ అంటారు. లక్షలు పోసి కొన్నవాళ్ళని చూశాను. లోపల ఏమీ ఉండదు, ఊచలు మన చేతి వణుకుకి కదులుతాయి. అసలైన డిటెక్టర్ నేలలోకి జానెడు, మహా అయితే మూరెడు చూస్తుంది. దూరం నుంచి బంగారం చూపే యంత్రం లేదు.

టాంపా_ఇసుక | మార్చి 4, ఉదయం 7:15

నేను ఫ్లోరిడాలో ఉంటాను. తొమ్మిదేళ్ళుగా వారాంతాల్లో బీచ్ మీద ఇదే పని. నా దగ్గరున్నది మైన్‌ల్యాబ్ ఈక్వినాక్స్ 800. ఇప్పటిదాకా పదకొండు పెళ్ళి ఉంగరాలు వాటి మనుషుల చేతికే తిరిగి ఇచ్చాను. మన పుస్తెలతాడు మాత్రం ఒక్కటీ వెతకలేదు, కాబట్టి నా మాట అంతవరకే తీసుకో.

ముందు యంత్రం సంగతి. కింద ఉండే గుండ్రటి కాయిల్ నేలలోకి అయస్కాంత క్షేత్రం పంపుతుంది. లోహం తగిలితే దానిలో చిన్న సుడి ప్రవాహాలు పుడతాయి. అవి తిరిగి పంపే సంకేతం ఎంత ఆలస్యంగా వచ్చిందో చూసి తెరమీద ఒక అంకె వేస్తుంది. ఇనుముకి తక్కువ అంకె, వెండికి, రాగికి ఎక్కువ. బంగారం ఈ మధ్యలో ఎక్కడైనా పడుతుంది, అదీ అసలు చిక్కు. సిగరెట్ పెట్టెలో రేకు, కూల్‌డ్రింక్ డబ్బా మూత చెవి, సన్న ఉంగరం అన్నీ ఒకే అంకె చూపిస్తాయి. 'ఇది బంగారం' అని చెప్పే మెషీన్ లేదు. మోగిందల్లా తవ్వాల్సిందే. నేను ఒక ఉంగరానికి వంద రేకులు తవ్విన రోజులున్నాయి.

యంత్రం కంటే ముందు అమ్మని అడుగు, కంగారు పెట్టకుండా. ఆఖరిసారి తాడు మెడలో ఉన్నట్టు ఎప్పుడు గుర్తు? నీళ్ళు ఎక్కడ తాగింది? ఎక్కడ చెమట తుడుచుకుంది? బరువు ఎక్కడ ఎత్తింది? కొక్కెం అరిగిన గొలుసు నడుస్తుంటే పడదు, వంగి లేచేచోట పడుతుంది. నేను వెతికిన ఉంగరాల్లో సగం, పోయిందని వాళ్ళు చెప్పిన చోటికి ఇరవై ముప్పై అడుగుల అవతల దొరికాయి.

ఇక్కడ రింగ్ ఫైండర్స్ అని ఒక డైరెక్టరీ ఉంది. అందులో పేరున్నవాళ్ళు వచ్చి వెతికి పెడతారు, దొరికాక తోచినంత ఇవ్వొచ్చు. మీ దగ్గరలో ఎవరైనా ఉన్నారేమో చూడు.

పుటం | మార్చి 4, మధ్యాహ్నం 1:30

మాది ప్రొద్దుటూరు. మూడు తరాలుగా కంసాలి పని. ఒక మాట చెప్తా బాబూ, తాడు మూడు కాసులుంది కదా, 24 గ్రాములు, గట్టిగా మోగుతుందిలే అనుకోవద్దు. నాలుగు గ్రాముల ఉంగరం అంతకంటే బాగా మోగొచ్చు. ఉంగరం అంటే తెగని ఒక్క చుట్టు, కరెంటు చుట్టూ తిరగడానికి దారి ఉంటుంది. నానుతాడు వందల చిన్న చిన్న అల్లికలు. ఒకదానికొకటి తగిలీ తగలకుండా ఉంటాయి. మట్టి పట్టాక మరీనూ. మెషీన్‌కి అది తాడులాగా కనబడదు, బంగారు ఇసుక రవ్వల్లాగా కనబడుతుంది. మోగితే పుస్తెలు మోగాలి. అవీ పలచటి రేకే కానీ ఒకే బిళ్ళ.

మా నాయన కాలంలో అంగడి ముందు మట్టి ఊడ్చి జలగడిగేవాళ్ళు వచ్చేవాళ్ళు. నీళ్ళలో పళ్ళెం తిప్పితే మట్టి కొట్టుకుపోయి బంగారం అడుగున మిగిలేది. 22 క్యారెట్ల బంగారం నీళ్ళకంటే పదిహేడు రెట్లు పైగా బరువు. ఏం చేసినా దొరక్కపోతే బీటల మట్టి తీసి జల్లెడ పట్టుకోవచ్చు. కానీ ముప్పై అయిదు సెంట్లు జల్లెడ పట్టేది ఎవరు!

ఎర్రచెరువు_రైతు | మార్చి 4, రాత్రి 8:40

మాదీ మాగాణి మినుమే కాబట్టి చెప్తున్నాను.

నల్లరేగడి బీట మార్చిలో చెయ్యి మణికట్టు దాకా దిగుతుంది. తాడు అందులోకి జారితే పడుకుని ఉండదు, నిలువుగా వేలాడుతూ ఆగుతుంది. కాబట్టి నీళ్ళు మాత్రం పెట్టొద్దు. నేల ఉబ్బి బీట మూసుకుందంటే ఇక ఏనాటికో. ట్రాక్టరూ తోలనివ్వొద్దు.

రెండోది, పీకిన మినుము ఎక్కడుంది? కుప్ప వేశారా? మొక్కతోపాటు తాడు కుప్పలోకి పోయి ఉండొచ్చు. నూర్చకముందే కుప్ప చూడండి.

పురుగుమందు ప్యాకెట్లూ గుట్కా ప్యాకెట్లూ, లోపలి వైపు మెరిసేవన్నీ మోగుతాయి. పెట్టే ముందు చేనంతా ఏరించండి, సగం పని తగ్గుతుంది. పక్కన 11 కేవీ లైను ఉన్నా, మోటారు ఆడుతున్నా మెషీన్ ఊరికే కూస్తుంది. మోటార్లకి కరెంటు పోయాక మొదలెట్టండి.

టాంపా_ఇసుక | మార్చి 5, ఉదయం 6:50

రైతు గారు చెప్పిన నిలువు సంగతి చాలా ముఖ్యం. పడుకున్న నాణెం కాయిల్‌కి పూర్ణచంద్రుడిలా కనబడితే, నిలబడ్డది గీతలా కనబడుతుంది. సంకేతం బాగా తగ్గిపోతుంది. అందుకని ప్రతి చోటా రెండువైపులా, ఒకసారి తూర్పు పడమరలుగా, ఒకసారి ఉత్తరం దక్షిణాలుగా ఊపాలి. తాళ్ళు కట్టి మూడడుగుల చాళ్ళు చేసుకో. కాయిల్ నేలకి రాసుకుంటున్నట్టు ఉండాలి. చీపురు ఊపినట్టు చివర్లో పైకి లేపకూడదు.

వెతికే ముందు ఇంట్లో ఇంకెవరిదైనా పుస్తెలతాడు కాసేపు తెచ్చి నేలమీద పెట్టి మోగించు. ఏ అంకె వస్తుందో, ఎంత ఎత్తు నుంచి వినబడుతుందో రాసుకో.

ఉప్పాడ_కెరటం | మార్చి 5, మధ్యాహ్నం 3:10

మా ఊళ్ళో మెషీన్లేం లేవండి, కళ్ళే. తుపాను వెళ్ళిన మర్నాడు పిల్లాజెల్లా అంతా ఒడ్డునే ఉంటారు. 2020 నవంబరులో నివర్ తుపానప్పుడు టీవీల వాళ్ళు కూడా వచ్చారు. సముద్రం మా ఊరిని ఏళ్ళ తరబడి కోసుకుపోతోంది, ఎన్ని ఇళ్ళు పోయాయో. ఆ ఇళ్ళలోవే రవ్వలూ పూసలూ ఇప్పుడు కక్కుతోందంటారు పెద్దాళ్ళు. కెరటం తేలిక ఇసకని లాక్కెళ్ళిపోద్ది, బరువైంది అడుగునుండిపోద్ది. దొరికినోళ్ళకి దొరుకుద్ది. మా అత్తకి ఓసారి గోరంత ముక్క దొరికింది, దాన్ని చూసుకుని నాలుగు తుపాన్లు వెతికింది.

టాంపా అన్నా, ఉప్పునీళ్ళలో మీ మెషీన్లు పనిచేస్తాయా?

టాంపా_ఇసుక | మార్చి 5, సాయంత్రం 6:30

తడి ఉప్పు ఇసుకకే కరెంటు పారే గుణం ఉంది. అందుకని ఒకే ఫ్రీక్వెన్సీ మెషీన్ అక్కడ పిచ్చిపట్టినట్టు కూస్తుంది. ఒకేసారి చాలా ఫ్రీక్వెన్సీలు పంపేవి, లేదా పల్స్ ఇండక్షన్ అని ఇంకో రకం, అవైతే నయం. ఆ రెండోది ఉప్పుని పట్టించుకోదు, లోతుకీ వెళ్తుంది కానీ ఇనుమేదో బంగారమేదో చెప్పడంలో గుడ్డిది.

మాకూ మీ ఉప్పాడ లాంటిదే ఉంది. 1715లో తుపానుకి మునిగిన స్పెయిన్ ఓడల నాణేలు తూర్పు తీరంలో గాలివాన తర్వాత ఇప్పటికీ బయటపడుతుంటాయి. దాన్ని ట్రెజర్ కోస్ట్ అనే పిలుస్తారు.

మాగాణి_అబ్బాయి | మార్చి 7, రాత్రి 11:15

ఇవాళ్టి సంగతి రాస్తున్నాను. ఒళ్ళు హూనమైంది.

ఆఫీసులో ఒక స్నేహితుడి దగ్గర మెషీన్ ఉంది. 8 కిలోహెర్ట్జ్‌ది, పది అంగుళాల కాయిల్. వాడినీ తీసుకుని నిన్న రాత్రే వచ్చాను. అమ్మని టాంపా అన్న చెప్పినట్టు నిదానంగా అడిగాను. తుమ్మచెట్టు కింద నీళ్ళు తాగినప్పుడు ఉందట, తాడు పక్కకి జరుపుకుని మెడ గోక్కున్నట్టు గుర్తు. తర్వాత తూర్పు గట్టు మూల మోపులు ఎత్తి పెట్టింది. కాబట్టి ముందు ఆ మూలే చూశాం. పిన్ని తన తాడు తీసి ఇచ్చింది, నేలమీద పెడితే పుస్తెల దగ్గర మోగింది, తాడు దగ్గర మోగీ మోగనట్టు గొణిగింది. పుటం గారు చెప్పినట్టే.

వాడు మెషీన్‌ని జ్యూయలరీ మోడ్‌లో పెట్టాడు. ఇనుము మోగదు, ఊరికే మేకులు తవ్వక్కర్లేదు అన్నాడు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా తూర్పు మూల నుంచి సగం చేను అయింది. ఎన్ని పురుగుమందు ప్యాకెట్లు ముందే ఏరినా నేలలో ఇంకా నలభై పైనే దొరికాయి. ఒక ఇత్తడి నట్టు, రెండు రూపాయి బిళ్ళలు, మాత్రల రేకులు, నాన్నది పదేళ్ళ కిందట పోయిన వాచీ మూత.

కుప్ప కూడా చూశాం. మెయిన్ రోడ్డు మీద ఫంక్షన్ హాల్లో సెక్యూరిటీ వాళ్ళు మనుషుల్ని తడిమే చేతి డిటెక్టర్ ఉంటుంది కదా, అది అడిగి తెచ్చాను. టార్పాలిన్ మీద గంప గంపగా పరిచి దాంతో చూస్తే ఒక్కసారే కుయ్‌మంది. అందరం ఎగిరి గంతేశాం. కొడవలి ముక్క.

ఊళ్ళో అప్పుడే గుప్తనిధుల కోసం హైదరాబాదు నుంచి టీము దిగిందని పుకారు. వీఆర్వో ఫోన్ చేశాడు.

సెక్షన్‌గారు | మార్చి 8, ఉదయం 9:20

వీఆర్వోకి ఉన్నది ఉన్నట్టు చెప్పండి, వీలైతే పక్కనే నిలబెట్టుకోండి. రాత్రిపూట మాత్రం టార్చి లైట్లతో వెతకొద్దు. మన దగ్గర డిటెక్టర్ పట్టుకుని చీకట్లో తిరిగేవాడిని నిధుల దొంగ అనే అనుకుంటారు, చాలాసార్లు అదే నిజం కూడా.

మీ చేలో మీ వస్తువు మీరు వెతుక్కోవడంలో తప్పేమీ లేదు. కానీ తవ్వుతుంటే పాత నాణేలో, బిందెలో తగిలితే అది వేరే కథ. 1878 నాటి నిధుల చట్టం ఇప్పటికీ ఉంది. నేలలో దాగి ఉన్నది పది రూపాయలకి మించి విలువైనదైతే కలెక్టరుకి తెలపాలి. అవును, పది రూపాయలే, ఆ అంకె ఎవరూ మార్చలేదు. కేంద్రం రక్షణలో ఉన్న పాత కట్టడాల జోలికి అసలు వెళ్ళకూడదు, వాటికి 1958 చట్టం.

ఇక దారిలో దొరికిన ఇతరుల నగ దొరికినవాడి సొంతం కాదు. కాంట్రాక్టు చట్టం 71వ సెక్షన్ ప్రకారం దాన్ని అప్పగించిన వస్తువులా కాపాడాలి. సొంతదారుడెవరో తెలిసి గానీ, కనుక్కునే వీలుండి గానీ వాడుకుంటే అది నేరం. పాత ఐపీసీలో 403, ఇప్పుడు న్యాయ సంహితలో 314. బాబాయి గారికి కూడా చెప్పండి, ఆధారం లేకుండా కూలీల పేర్లు పోలీసు స్టేషన్‌లో ఇవ్వడం తేలిక కాదు, మంచిదీ కాదు.

ఓరుగల్లు_లచ్చక్క | మార్చి 8, మధ్యాహ్నం 12:45

నేను మొదటి సంది చదువుతున్న, రాయాల్నా వద్దా అనుకుంట. నాది కూడా పోయింది. మేడారం జాతరల చెవి కమ్మ పోయిందంటే మైకు కాడున్న పిలగాడు 'బంగారమా? గద్దె కాడ కుప్పలున్నయ్ కదక్కా' అని నవ్విండు. తెలియనోళ్ళకు చెప్తున్న, మేడారంల బంగారమంటే బెల్లం. అమ్మవార్లకు మొక్కేది అదే. నా కమ్మ అర తులం, గిప్పటికీ దొరకలే.

సరే గని తమ్మీ, ఒకటి అడుగుత. ఇంతమంది మగోళ్ళు ఫ్రీక్వెన్సీలు, చట్టాలు అన్నీ చెప్పిన్రు. మీ అమ్మ తాడుకు పిన్నీసులు ఎన్నున్నయ్?

పొలం పనికి పోయే ఆడోళ్ళ పుస్తెలతాడుకు పిన్నీసు లేకుండ ఉంటదా? ముల్లు గుచ్చుకుంటే తీసుకోవాలె, జాకెట్ హుక్కు ఊడితే పెట్టుకోవాలె. మా అత్తమ్మకు అయిదు ఉంటుండె. పుస్తెలను ఆనుకునే ఉంటయ్ అవి. ఇనుము మోగొద్దని మెషీన్ల పెట్టినమంటివి. పిన్నీసు ఇనుమే కద?

టాంపా_ఇసుక | మార్చి 8, మధ్యాహ్నం 1:10

అక్కా, దండం.

తమ్ముడూ, ఇది చదవగానే ఫోన్ చెయ్. నిద్రలో ఉన్నా పర్లేదు. ఇనుమూ బంగారమూ ఒకదాన్నొకటి తాకుతూ ఉంటే మెషీన్‌కి రెండూ వేరువేరుగా కనబడవు, కలిపి ఒకే సంకేతం వస్తుంది. అందులో ఇనుము పైచేయి అయితే, ఇనుము వద్దని చెప్పిన మెషీన్ నోరు మూసుకుంటుంది. అదీ నిలువుగా, బీటలో ఉంటే ఇక చెప్పక్కర్లేదు. మీరు దానిమీద నుంచే వెళ్ళి ఉండొచ్చు. తప్పు మెషీన్‌ది కాదు, అడగాల్సింది నేను అడగలేదు. ఇక్కడి పెళ్ళి ఉంగరాలకి పిన్నీసులుండవు మరి.

అన్ని లోహాలూ మోగేట్టు పెట్టి మళ్ళీ మొదటి మూల నుంచే రండి. పిన్ని తాడుకి కూడా పిన్నీసులు తగిలించి ఇంకోసారి పరీక్షించండి.

పుటం | మార్చి 8, మధ్యాహ్నం 2:00

తాడు తెచ్చి ఇచ్చే ఆడవాళ్ళు మా ముందు మొదట చేసే పని పిన్నీసులు తీసి కొంగున కట్టుకోవడం. నలభై ఏళ్ళుగా చూస్తున్నా. నాకూ తట్టలేదు.

మాగాణి_అబ్బాయి | మార్చి 8, రాత్రి 8:05

దొరికింది.

కాస్త కుదుటపడి రాస్తున్నాను. లచ్చక్క మాట చదివి అమ్మని అడిగితే, 'మూడున్నాయిరా, ఒకటి పెద్దది, దానికెందుకు ఇప్పుడు' అంది. నిన్నంతా తాడులో ఏమేం ఉన్నాయని అడిగితే పిన్నీసుల మాటే ఎత్తలేదు. ఆమె లెక్కలో అవి నగలో భాగం కాదు.

పిన్ని తాడుకి మూడు పిన్నీసులు పెట్టి చూశాం. జ్యూయలరీ మోడ్‌లో ఒకసారి చిటుక్కుమంది, ఒకసారి అసలు లేదు. పక్కకి తిప్పి నిలబెడితే పూర్తిగా నిశ్శబ్దం. ఇనుము కూడా మోగేట్టు మార్చి తూర్పు మూల నుంచి మొదలుపెట్టాం. మూడు గంటల్లో ముప్పైకి పైగా చోట్ల మోగింది. మేకులు, తీగ ముక్కలు, కోత మిషన్ బోల్టు. గట్టుకి రెండు బారల దూరంలో ఒకచోట అంకె కుదురుగా లేదు. ఒక ఊపుకి ఇనుము, ఇంకో ఊపుకి పైకి ఎగిరి మళ్ళీ కిందికి. నిన్న మొదటి అరగంటలోనే మేము దాటిన చాలు అది. చాళ్ళ కోసం నేను తాడు కట్టిన గుంజ బొక్క ఇంకా అక్కడే ఉంది, ఒక అడుగు పక్కన.

బీటలోకి సెల్ లైటు వేస్తే ఏమీ కనబడలేదు. నాన్న గునపంతో ఒక పక్క నుంచి నిదానంగా గడ్డ లేపాడు. ఆరంగుళాల లోతులో ముందు కనబడింది పెద్ద పిన్నీసు, కొస తుప్పు పట్టి. దానికి పుస్తెలు, వాటి వెనక తాడు, బీట గోడకి అతుక్కుని. ఒక పగడం లేదు. కొక్కెం విడిపోయి ఉంది.

అమ్మ గట్టు మీద కూర్చుని ఉంది. చేతిలో పెడితే ముందు పిన్నీసులు లెక్కపెట్టుకుంది.

సాయంత్రం కూలీలందరికీ ఆవిడే ఇంటింటికీ వెళ్ళి చెప్పింది. బాబాయిని వెంటబెట్టుకుని వెళ్ళింది. గుంటలన్నీ పూడ్చేశాం. తెనాలిలో రేపు కొక్కెం మార్పించి, పగడం వేయించాక మంచిరోజు చూసి వేసుకుంటుందట. అప్పటిదాకా పసుపు కొమ్మే.

లచ్చక్కా, అడ్రస్ పంపండి. ఈ ఏటి మినుములు ఒక బస్తా మీకే.

ఓరుగల్లు_లచ్చక్క | మార్చి 8, రాత్రి 8:30

బస్తా ఏం జేసుకుంట తమ్మీ, ఇద్దరమే ఉంటం. అయిదు కిలోలు పంపు, గారెలు చేస్త. అమ్మకు చెప్పు, తుప్పు పట్టిన పిన్నీసు తీసేయ్‌మని. మెడకు గీసుకుంటది.

మాగాణి_అబ్బాయి | మార్చి 8, రాత్రి 8:41

చెప్పాను. తీయదట. అదే దొరికిచ్చిందట.

కోనసీమ_కొబ్బరి | మార్చి 9, ఉదయం 6:20

ఇక్కడే అడగొచ్చో లేదో తెలియదు. మా చెల్లి చెవి బుట్ట శనివారం నూతిలో పడింది. తోడేటప్పుడు వంగితే జారింది. ఆరు గ్రాములు. పాతాళభేరి (నూతిలో పడ్డవి తీసే కొక్కేల గుత్తి) వేసి చూశాం, రెండు చేదలు, ఒక ఇత్తడి చెంబు వచ్చాయి కానీ బుట్ట రాలేదు.

టాంపా_ఇసుక | మార్చి 9, ఉదయం 6:55

నీళ్ళెంత లోతున్నాయి? అడుగున బురదా, ఇసకా? ఒరలు సిమెంటువా? సిమెంటువైతే లోపల ఇనప తీగ ఉందా? ఇంకోటి, లచ్చక్క నేర్పిన ప్రశ్న: ఆ బుట్టకి వెనక ఏముంది, బంగారు శీలేనా, స్టీలుదా?